నాలోకి వంగి చెప్పిన పేరు

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరుని. పై గిన్నె, కింది గిన్నె, పొడిని అదమడానికి కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, నెత్తిన ఒక మూత. ఇంతే నా ఒళ్ళు. కుంభకోణంలో సుత్తి చప్పుడు ఆగని ఒక ఇరుకు సందులో పుట్టాను. నన్ను చేసిన ముసలాయన పై గిన్నె అడుగున చిల్లులు పొడిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. చిల్లు కాస్త పెద్దదైతే పొడంతా కిందికి దిగిపోతుంది, కాస్త చిన్నదైతే నీళ్ళు పైనే నిలిచిపోతాయి. రెండిటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడాలోనే తన కూడు ఉందని ఆయనకి తెలుసు. పని ముగిశాక నన్ను వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, చిల్లుల్లోంచి ఆకాశాన్ని చూసి తలాడించాడు. ఆ తర్వాత నాలోకి అంత శ్రద్ధగా తొంగి చూసిన మనిషి ఒక్కరే. ఈ కథ ఆవిడది.

నన్ను కొన్నవాడు మునుస్వామి నాయుడు. గూడ్సు బండికి గార్డు. సూళ్ళూరుపేట రైల్వే క్వార్టర్సులో కాపురం. కొట్లో నన్ను బేరం కూడా చెయ్యకుండా కొన్నాడు. ఇత్తడి సామాను దగ్గర బేరం చెయ్యని మనిషిని చూసి కొట్టువాడే బిత్తరపోయాడు. నాకూ విడ్డూరంగానే తోచింది. ఇంటికి పోయి పెళ్ళాం ఎదుట ఏం మాట్లాడాలో తెలియని మగవాడు ఏదో ఒకటి కొనుక్కుపోతాడని అప్పటికి నాకు తెలియదు.

ఆయన భార్య ధనకోటమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది, గూట్లో పెట్టింది. చిన్న వయసు, కళ్ళు మాత్రం వయసు మళ్ళినవి. ఇల్లు అద్దంలా ఉంది, ఉండకూడనంత శుభ్రంగా ఉంది. ఎక్కడా ఒక చిన్న గిన్నె లేదు, చిన్న బట్ట లేదు, గోడ మీద ఒక బొగ్గుగీత లేదు. గోడకి మాత్రం అడుగు భాగాన, నడుమెత్తు వరకే, కొత్త సున్నం పూసి ఉంది. ఆ ఇంట్లో కొన్ని వారాల కిందట నాలుగేళ్ళ ఆడపిల్ల జ్వరంతో పోయిందనీ, ఆ సమయానికి తండ్రి ఎక్కడో బిట్రగుంట అవతల బండి మీద ఉన్నాడనీ, కబురు అందేసరికి అంతా అయిపోయిందనీ ఇరుగుపొరుగు అమ్మలక్కల మాటల్లోంచి ఏరుకున్నాను.

మా వంటింటి ధర్మం ఒకటి చెప్పాలి. పొడి మీద మొదట పోసిన నీళ్ళకి దిగేది మొదటి డికాక్షన్. నల్లగా, చిక్కగా, తేనెలా. అది మగవాళ్ళకి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది. అది ఆడవాళ్ళకి. ఈ చట్టం ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, తప్పినవాళ్ళని మాత్రం నేను చూడలేదు. మొదటిదంతా మొగుడికి పోసి, రెండోదాన్లో పాలెక్కువ కలుపుకుని, "నాకు ఇదే పడతాది" అనేవారు ఆడవాళ్ళు. పడేదో లేదో వాళ్ళని అడిగినవాడు లేడు. అయినా మొదటిది తాగేవాడు దాని రుచి చూసేవాడనుకుంటున్నారా? పేపరు చదువుతూ తాగేవాడికి ఏం తాగినా ఒకటే.

మరుసటి ఏడు ధనకోటమ్మకి కొడుకు పుట్టాడు. పురిటిస్నానం అయ్యాక నాయుడి తల్లి ఆ పసికందుని భోజనాలైన ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించింది. పారేసిన పుల్లాకుల్లో దొరికిన బిడ్డ అని మృత్యువుని నమ్మించడానికి పుల్లయ్య అని పేరు పెట్టింది. ముద్దొచ్చే పేరు పెడితే చావు కన్ను పడుతుందని వాళ్ళ నమ్మకం. అంతటితో ఊరుకోకుండా కోడలి ముందు వేలు చూపించి ఆమె ఒక కట్టడి పెట్టింది.

"పోయినదాని పేరు ఇంక ఈ ఇంట్లో ఎవురూ అనకూడదు. పిలిస్తే వస్తాది. వస్తే వీణ్ణి తోడు తీసకపోతాది. నీకు వీడు కావాల్నా, అది కావాల్నా?"

ఇలాంటి ప్రశ్న తల్లిని అడగొచ్చునా? అడిగింది. ధనకోటమ్మ ఒళ్ళోని బిడ్డని పొదువుకుని తల వంచుకుంది. నాయుడు గుమ్మంలో నిలబడి చెప్పుల దుమ్ము దులుపుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడ నా పై గిన్నెలో పొడి వేసింది, బిళ్ళ పెట్టి అదిమింది, మరిగే నీళ్ళ గిన్నె చేతిలోకి తీసుకుంది. పోయలేదు. చుట్టూ చూసి, నా మీదికి వంగింది. పెదవులు నా అంచుకి తగిలేంత దగ్గరగా వచ్చి, ఊపిరి కన్నా సన్నగా ఒక మాట అంది.

"చెంగమ్మా."

వెంటనే నీళ్ళు పోసి, ఆ మాట బయటికి పోకుండా మూత పెట్టేసింది.

చెంగమ్మ. సూళ్ళూరుపేట గ్రామదేవత చెంగాళమ్మ పేరు మీద పెట్టుకున్న పేరు. ఆ రోజు మొదలు ప్రతి పొద్దునా అంతే. ఇంట్లో అనకూడదన్నారు గనక నాలో అనేది. నాయుడికి ఉద్యోగంలో ఊళ్ళు మారాయి, చివరికి గూడూరులో సొంత ఇల్లు కట్టుకున్నారు, అత్తగారు పోయింది, పుల్లయ్య చదివి బ్యాంకులో చేరి మేనేజరయ్యాడు, నాకు ఎన్నిసార్లు కళాయి పూశారో లెక్కలేదు. ఆవిడ మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. ఆ పేరు మీద నీళ్ళు పడేవి, పొడిలోంచి చుక్క చుక్కగా దిగేది, ఆ డికాక్షన్ని తండ్రీ కొడుకూ పేపరు చాటున తాగి, మూతి తుడుచుకుని పనికి పోయేవారు.

కోడలు హేమలత కాపురానికొచ్చిన కొత్తలో అత్త నా మీదికి వంగడం చూసి, పొడి వాసన పీలుస్తున్నదనుకుంది. మంచి పిల్ల. మాటకారి, పనిలో చురుకు, అత్తంటే ప్రాణం. పొద్దున్నే వంటగట్టు దగ్గర ఇద్దరూ నిలబడి రెండో డికాక్షన్ తాగుతూ ఊరి సంగతులన్నీ చెప్పుకునేవారు. ఇద్దరి మధ్యా దాపరికం ఉన్నది ఆ ఒక్క మాట దగ్గరే.

తర్వాత నాయుడు పోయాడు. పిల్లని చూసినవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. ఫొటో లేదు. గౌన్లు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడు చెంగమ్మ అనే పిల్ల ఈ లోకంలో పుట్టి తిరిగిందనడానికి మిగిలింది ధనకోటమ్మ బుర్రలోని గుర్తు ఒక్కటే. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. అందుకే మతిమరుపు మొదలైనప్పుడు ఆవిడ పడిన భయం చావు భయం కాదు.

మతిమరుపు సంగతి అందరికన్నా ముందు నాకు తెలిసింది. మనుషులు ముఖాలు చూస్తారు, నాకు చేతులు తెలుసు. ఎనభై దాటినా వణకని చెయ్యి, పొడి వేసి ఆగిపోయేది. మళ్ళీ వేసేది. ఒకనాడు బిళ్ళ పెట్టకుండా నీళ్ళు పోసింది. ఒకనాడు అసలు పొడే లేకుండా పోసి, కింద దిగిన వేడినీళ్ళని చూస్తూ నిలబడింది. హేమలత "నిద్ర చాల్లేదా అత్తా?" అని నవ్వి సర్దేసింది. మరికొన్నాళ్ళకి ధనకోటమ్మ వీధి చివరి కొట్టు నుంచి ఇంటికి దారి మరిచిపోయింది.

అప్పుడు పుల్లయ్య రంగంలోకి దిగాడు. ఆయన రిటైరై ఇంట్లోనే ఉన్నాడు, పేపరులో ఉన్నదల్లా వేదం. కాఫీ తాగే ముసలివాళ్ళలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించిందన్న వార్త ఒకటి ఆదివారం సంచికలో పడింది. దాన్ని గట్టిగా రెండుసార్లు చదివి వినిపించాడు. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు నిదానస్తుడు.

"కొన్ని పరిశోధనలు అలా చెప్తున్నాయి నిజమే. అది కాఫీ వల్లేనా, వాళ్ళు బతికే తీరు వల్లనా అనేది ఇంకా తేలలేదు. వచ్చిన మతిమరుపుని కాఫీ పోగొడుతుందని మాత్రం ఎవరూ అనలేదు. అమ్మగారికి ఇష్టమైతే పొద్దుటి పూట ఇవ్వండి. సాయంత్రం వద్దు, నిద్ర చెడితే ఇంకా కష్టం" అన్నాడట.

ఈ మాటల్లో పుల్లయ్య చెవికి ఎక్కింది "నిజమే" అన్న ఒక్క ముక్క. ఇంటికి రాగానే ఉత్తర్వు జారీ చేశాడు. "రేపట్నించి మొదటి డికాక్షన్ అమ్మకి. చిక్కగా ఉండాల."

కొడుక్కన్నా ముందు, మగవాడి వాటా, తను తాగడమా? ధనకోటమ్మకి కొట్టు దారి గుర్తులేదు గానీ ఈ ధర్మం మాత్రం నరాల్లో ఉంది. కొడుకు ఎదుట గ్లాసు పట్టుకుని కూర్చునేది, వాడు స్నానానికి లేవగానే గబగబా వంటింట్లోకి వచ్చి, "నాకు ఎక్కదే హేమా, నువ్వు తాగెయ్. వాడికి చెప్పబాక" అని గ్లాసులు మార్చేసేది. ఆ రకంగా ఆ ఇంట్లో మొట్టమొదటిసారి మొదటి డికాక్షన్ ఒక ఆడదాని గొంతు దిగింది. పేపరు చదవకుండా, దాని రుచి చూస్తూ తాగింది హేమలత.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకే ఒళ్ళు జలదరిస్తుంది. ఇత్తడికి జలదరింపు ఏమిటని నవ్వకండి.

ఒక పొద్దున ధనకోటమ్మ పొడి వేసింది, అదిమింది, నీళ్ళు పట్టుకుంది, నా మీదికి వంగింది. నోరు తెరిచింది. మాట రాలేదు. పెదవులు ఏదో ఆకారానికి వచ్చి, దాన్ని పట్టుకోలేక వదిలేశాయి. మళ్ళీ ప్రయత్నించింది. ఊపిరి మాత్రం నాలో పడింది, వేడిగా. నీళ్ళ గిన్నె పక్కన పెట్టేసి నన్ను రెండు చేతులతో పట్టుకుంది.

"నీకు రోజూ చెప్తానే ఉండా గదా. నాకు రావడం లేదు. నువ్వన్నా చెప్పు. నీకు తెలుసు గదా, చెప్పు."

నాకు తెలుసు. నాకున్న ప్రతి చిల్లుకీ తెలుసు. నోరు లేదు. అంత నిస్సహాయత కళాయి పూసేవాడి నిప్పుల మీద ఉన్నప్పుడు కూడా నేనెరగను. ఆవిడ నన్ను ఊపింది, మూతతో తట్టింది, ఏడ్చింది. చివరికి దేనికోసం ఏడుస్తున్నదో అదీ మరిచిపోయి, కళ్ళు తుడుచుకుని, నీళ్ళు పోసి మూత పెట్టింది. గుమ్మంలో హేమలత నిలబడి ఇదంతా విన్నది.

ఆ పూట నాలో నీళ్ళు దిగుతుండగా నాకు ఒక గుర్తు వచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగినంతలో చూసిన నీళ్ళన్నీ మరిగేవే. కానీ అప్పుడు నాకు చల్లటి నీళ్ళు గుర్తొచ్చాయి. కనుచూపు మేర పరుచుకున్న పులికాటు సరస్సు నీళ్ళు, ఉప్పు వాసన, బురద. ఎర్రకాళ్ళ కొంగలు గుంపులు గుంపులుగా. వాటికి ఎదురుగా గట్టు మీద, పచ్చగౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో పాదం మోకాలికి ఆనించుకుని, రెండు చేతులూ చాపి, కొంగలతో పందెం కాసినట్టు. నేను వంటగట్టు దాటి ఎరగను. ఆ పిల్ల పోయాకే ఆ ఇంటికి వచ్చాను. ఆ గుర్తు నాది కాదు. ఆవిడలోంచి జారింది ఎక్కడో ఒకచోట ఆగాలి గదా, నాలో ఆగింది.

ఆగిందనుకున్నాను. నా పని ఆపడం కాదు, దించడం గదా. కింది గిన్నెలో నల్లగా, చిక్కగా మొదటి డికాక్షన్ చేరింది. దాన్ని హేమలత తాగింది.

వారం తిరక్కుండానే హేమలత కూరగాయలు తరుగుతూ ఒంటికాలి మీద నిలబడింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పితో మెట్టెక్కాలంటేనే మూలిగే మనిషి, ఒక పాదం రెండో మోకాలికి ఆనించి కదలకుండా నిలబడింది. "ఏందే, ఈ వయసులో యోగాసనాలా?" అని పుల్లయ్య నవ్వాడు. ఆమె కిందికి చూసుకుని గతుక్కుమని కాలు దించింది. ఎప్పుడు ఎత్తిందో ఆమెకి తెలియదు.

మరొక పొద్దున పెరట్లో తొట్టి నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. వంటింట్లోంచి హేమలత తలెత్తకుండా కేకేసింది.

"చెంగూ, నీళ్ళ దగ్గిరికి పోబాక."

పుల్లయ్య పేపరు దించాడు. ఆ గొంతు హేమలతది కాదు. కొత్తగా నన్ను చేతిలోకి తీసుకున్న రోజుల్లో ధనకోటమ్మకి ఉండిన గొంతు. ఆ గొంతు గుర్తున్నది ఇప్పుడు నాకొక్కదానికే.

"ఎవుర్ని పిలిచినావు?" అన్నాడు.

"నేనా? ఎవుర్నీ లేదే" అంది హేమలత. చేతిలోని కత్తి పక్కన పెట్టి, భర్తని చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "పచ్చగౌను వేసుకోనుంటాది. ముందరి పన్ను ఒకటి విరిగుంటాది. కొంగల మాదిరి నిలబడతాది. పేరు చెంగమ్మ. నాకెట్లా తెలిసిందని అడగబాకండి, నాకూ తెలియదు. రోజూ కాఫీ తాగతానే గుర్తొస్తాది, నా బిడ్డే అయినట్టు."

పుల్లయ్య ముఖంలో నెత్తురు లేదు. చిన్నప్పుడు నాయనమ్మ తనకి చెప్పి భయపెట్టిన మాట అప్పుడు బయటపెట్టాడు. తనకన్నా ముందొక ఆడబిడ్డ ఉండేదనీ, పేరు అడిగినా పలికినా తనని తీసుకుపోతుందనీ. తల్లిని కూడా ఎప్పుడూ అడగలేదట. లక్షల అప్పుల కాగితాల మీద కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టిన మనిషి, నాలుగేళ్ళ పిల్ల పేరు విని వణికిపోయాడు.

హేమలత అత్త దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "చెంగమ్మ ఎవురత్తా?" అని అడిగింది. ధనకోటమ్మ మర్యాదగా ఆలోచించింది. "మన వీధిలో ఉండాదా?" అంది.

అది విని హేమలతకి ఏడుపు ఆగలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే గ్లాసులు పట్టుకుని, అత్తకి ఆ పిల్ల కథ చెప్పడం మొదలుపెట్టింది. గోడ మీద నడుమెత్తున బొగ్గుతో కొంగల్ని గీసేదనీ, తడిగౌనుతో ఇంటికొచ్చి తలుపు వెనక దాక్కునేదనీ. ధనకోటమ్మ కథ విన్నట్టే వినేది. "ఎవురి బిడ్డమ్మా, పాపం? తల్లి ఎట్లా తట్టుకునిందో" అనేది. ఎవరో పరాయి తల్లి కోసం కంటనీరు పెట్టుకునేది. ఇంతకన్నా ఘోరం నేను చూడలేదు.

పుల్లయ్య ఇక ఓర్చుకోలేకపోయాడు. ఇదంతా నావల్లే వచ్చిందని ఆయనకి ఎలా తట్టిందో గానీ, నన్ను పాతగుడ్డలో చుట్టి అటక మీదికి ఎక్కించాడు. ఇంట్లోకి వేడినీళ్ళలో కలుపుకునే పొడి సీసా వచ్చింది. పేపరు చెప్పిన కాఫీ మానలేదు, నన్ను మాన్పించాడు. మనిషి తెలివి ఎప్పుడూ ఇంతే, వానకి తడిసి గొడుగుని కొడతాడు.

అటక మీద చీకట్లో ఇంటి చప్పుళ్ళు వింటూ పడి ఉన్నాను. హేమలత మళ్ళీ రెండు కాళ్ళ మీద నిలబడుతున్నదని భర్త సంతోషించాడు. ఆమెలోకి దిగింది మాత్రం పోలేదు. అవతల ధనకోటమ్మ ఆ సీసా కాఫీ ముట్టలేదు. తర్వాత అన్నం ముట్టలేదు. "అమ్మా" అంటే పలకదు, "అత్తా" అంటే పలకదు. డాక్టరు ఇంటికి వచ్చి "ధనకోటమ్మగారూ" అని చెవి దగ్గర పిలిచినా ఎవరినో పిలుస్తున్నారనుకుని ఊరుకుంది. ఇలాగే తినకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, ఈ వయసులో అదీ ఎన్నాళ్ళో చెప్పలేను అన్నాడాయన. ఆ మాట విన్నాక పుల్లయ్య వంటింట్లోకి వచ్చి గోడకానుకుని కూలబడ్డాడు. అమ్మ పోతుందన్న సంగతి అప్పుడు ఆయనకి నిజమైంది.

హేమలత ఎదురుగా కూర్చుంది.

"అత్త మంచం మీద ఎట్లా కూర్చోనుందో చూసినారా? ఒక పాదం రెండో మోకాలికి ఆనించుకోనుంది. ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతాదో నాకు తెలుసు."

"ఆ పేరు అనబాక హేమా."

"నేను పిలిస్తే పలకలేదు, పిలిచి చూసినా. రక్తం పిలవాలనుకుంటా."

"నాకు భయం" అన్నాడు పుల్లయ్య. ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట నేను వినలేదు.

హేమలత ఆయన పక్కకి జరిగింది. తర్వాత అంది, "అత్త రోజూ ఫిల్టరు మీదికి వంగేది. వాసన చూస్తున్నాదనుకున్నా. ఆమె ఆ పేరు చెప్పి నీళ్ళు పోసేది, అది గుర్తురాక ఏడ్చిన రోజు నా చెవులతో విన్నా. వయసొచ్చినప్పట్నించీ మీరు తాగిన మొదటి డికాక్షన్లో ఉండింది ఆ పేరే. మిమ్మల్ని తీసకపోవాలనుకునుంటే ఎప్పుడో తీసకపోయుండేది. ఇన్నాళ్ళూ మీరు ఆ బిడ్డని తాగి బతికినారు."

పుల్లయ్య తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని, అక్కడ ఎవరో కదిలినట్టు ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి లేచి, స్టూలు వేసుకుని, నన్ను అటక మీద నుంచి దించాడు.

మర్నాడు పొద్దున కాఫీ ఆయనే కలిపాడు. జన్మలో మొదటిసారి. పొడి గట్టు మీద ఒలకబోశాడు, బిళ్ళ తిరగేసి పెట్టాడు, హేమలత చెప్తుంటే సరిచేశాడు. నీళ్ళు పోసి, మూత పెట్టి, చుక్క చుక్కకీ చెవి ఒగ్గి కూర్చున్నాడు. నాలోంచి కాఫీ దిగడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకి ఆనాడు తెలిసింది. చిక్కటి మొదటి డికాక్షన్లో పాలు కలిపి, ఇడ్లీ పళ్ళెంతో పాటు తల్లి గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ గది వంటింటికి ఎదురే, తలుపు తీసి ఉంటే గట్టు మీద నుంచి నాకు మంచం కనిపిస్తుంది.

ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. పుల్లయ్య గుమ్మంలో నిలబడ్డాడు. భార్యని చూశాడు. హేమలత కళ్ళతోనే కానిమ్మంది.

"చెంగమ్మా" అన్నాడు.

తల గిరుక్కున తిరిగింది.

"ఆఁ."

ఎనభై దాటిన గొంతే, కానీ పలికిన తీరు ముసలిది కాదు. ఆడుకుంటూ ఉండగా పిలిస్తే విసుగ్గా పలికే పలుకు. ఇల్లంతా ఒక్కసారి ఉప్పునీళ్ళ వాసన కొట్టింది, హేమలత ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం చూశాను గనక అది నా భ్రమ కాదు. ఆవిడ కొడుకుని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తడబాటు లేదు, మసక లేదు. ఇన్ని నెలల్లో ఆ కళ్ళు అంత తేటగా ఎప్పుడూ లేవు.

"నువ్వెవురు?" అంది.

పుల్లయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "నీ తమ్ముణ్ణి" అన్నాడు.

"నాకు తమ్ముడు లేడే" అంది. మళ్ళీ చూసి కిసుక్కున నవ్వింది. "ఇంత ముసిలి తమ్ముడా?"

ఆయన కూడా నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే. భయమంతా ఎటు పోయిందో, ఇడ్లీ తుంచి నోటికి అందిస్తే ఆవిడ తిన్నది. ఇంకొకటి అడిగి మరీ తిన్నది. హేమలత తలుపుకానుకుని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంది. బతికింది మనిషి. పేరూ బతికింది. అంతకన్నా ఏం కావాలనిపించింది నాకు కూడా.

పుల్లయ్య గ్లాసు అందుకున్నాడు. అరవై ఏళ్ళు పైబడ్డ ఆ నోటికి అలవాటు లేని పిలుపుని కూడదీసుకున్నాడు.

"కాఫీ తాగక్కా."

ఆవిడ చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

"ఊహూఁ. పిల్లోళ్ళు కాఫీ తాగకూడదు. నల్లబడతారంట. అమ్మ కొడతాది."

"అమ్మే ఇమ్మనింది" అన్నాడు పుల్లయ్య.

ఆవిడ ఆయన్ని నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా గుమ్మం వైపు, వాకిలి వైపు మెడ చాచి చూసింది, చాలాసేపు.

"అయితే అమ్మనే వచ్చి ఇమ్మను" అంది.

పుల్లయ్య గ్లాసు పట్టుకుని వాకిలి వైపు చూశాడు. హేమలత మాత్రం, ఆ అమ్మ ఎందులోంచి దిగిపోయిందో తెలిసినట్టు, నా వైపు చూసింది.